పానా తెచ్చినవాడు దేవుడు కాడు

మా ఇంట్లో ఆ రాత్రి సంగతి ఎన్నిసార్లు చెప్పుకున్నా ఒకే మాట దగ్గర ముగుస్తుంది. "గప్పుడు దేవుని లెక్క వచ్చిండు వదినా" అంటుంది మా ఆవిడ. విన్నవాళ్ళు తల ఊపుతారు, మంచివాళ్ళు ఇంకా మిగిలే ఉన్నారని ఒకరు, వాళ్ళ వల్లనే వానలు పడుతున్నాయని ఇంకొకరు అంటారు, టీ గ్లాసులు కింద పెడతారు, మాట వేరే విషయం మీదికి మళ్ళుతుంది. మొదట్లో నేనూ ఆ సంగతిని అలాగే చెప్పేవాణ్ణి. ఈ మధ్య ఆ మాట చెవిన పడినప్పుడల్లా నాకు లోపల ఎక్కడో చిరాకు పుడుతోంది. ఆ చిరాకుకు కారణం చెప్పాలంటే ముందు ఆ రాత్రి జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాలి.

2025 సంక్రాంతికి ఏటూరునాగారంలోని మా చెల్లెలి ఇంటికి వెళ్ళి, కనుమ మరునాడు సాయంత్రం హన్మకొండకు తిరుగు ప్రయాణమయ్యాము. మేడారం జాతర రెండేళ్ళకు ఒకసారి వస్తుంది; అంతకు ముందుది 2024 ఫిబ్రవరిలోనే అయిపోయింది కనుక ఆ ఏడు రోడ్డు మీద రద్దీ లేదు. తాడ్వాయి దాటి పస్రా వైపు ఆరేడు కిలోమీటర్లు వచ్చామో లేదో, చలికి అద్దాల మీద పొగపట్టినట్టయి ముందున్న గుంత నాకు కనిపించలేదు. ఎడమవైపు ముందు చక్రం అందులో దిగి లేచింది, ఆ వెంటనే బండి ఒక పక్కకు లాగడం మొదలుపెట్టింది. దిగి సెల్‌ఫోను వెలుతురులో చూస్తే టైరు పక్కభాగం అరచెయ్యంత మేర చీలిపోయి ఉంది. సరే, స్టెప్నీ ఉంది కదా అని డిక్కీలోంచి దాన్ని దొర్లించుకుంటూ తెచ్చి బొటనవేలితో నొక్కితే, మగ్గిన సీతాఫలంలా లోపలికి పోయింది. రెండేళ్ళుగా అందులో గాలి ఉందో లేదో నేను చూడలేదు. ఆ ఒక్క విషయంలో మాత్రం నేను ఎవరినీ తిట్టడానికి లేదు.

దారిలో బండి ఆగితే సాయం పంపిస్తామని బీమా పాలసీతోపాటు ఏటా కొంత అదనపు సొమ్ము కట్టించుకునే కంపెనీ ఒకటి ఉంది. కారు వదిలి రెండు వందల అడుగులు వెనక్కి నడిస్తే ఒక గీత సిగ్నల్ దొరికింది. అవతలి గొంతు ఎంతో మర్యాదగా హిందీలో నా పాలసీ నంబరు అడిగింది, పిన్‌కోడ్ అడిగింది, ఆ తరువాత దగ్గరలో ఉన్న ల్యాండ్‌మార్క్ చెప్పమంది. నాకు కనిపిస్తున్నవి ఇప్పచెట్లు. ఇప్పచెట్టు అనే మాటకు హిందీలో ఏమంటారో ఆ గాభరాలో గుర్తుకు రాలేదు. మహువా అని గుర్తుకు వచ్చేసరికి ఫోను తెగిపోయింది.

నలభై నిమిషాల్లో పద్నాలుగు బండ్లు మమ్మల్ని దాటి వెళ్ళాయి. కారులో కూర్చున్న మా ఆవిడకు వేరే పని లేక లెక్కపెట్టింది. వాటిలో ఎనిమిది కార్లు. రెండు కార్లు వేగం తగ్గించాయి, లోపలివాళ్ళ ముఖాలు మా వైపు తిరిగాయి, మళ్ళీ వేగం పెంచుకున్నాయి. పదిహేనోది ఒక టాటా ఏస్ ట్రాలీ. దాని ముందు లైట్లలో ఒకటే వెలుగుతోంది. వెనక రెండు బియ్యం సంచులు, వాటి మధ్య తాడుతో కట్టిన ఒక మేకపిల్ల, ముందు సీట్లో ముప్పై ఐదేళ్ళ మనిషి, పక్కన ఆయన భార్య. బండి పూర్తిగా ఆగకముందే తల బయటపెట్టి, "ఏమైంది సార్, పంచరా?" అన్నాడు. చెప్పాను. దిగి స్టెప్నీని కాలితో తన్ని చూశాడు. "గాలి పోయింది గంతే, టైరు మంచిగనే ఉన్నది. పస్రాల మావోడు ఉన్నడు, దుకాణం ఎనుకనే ఇల్లు, లేపుదాం పారి" అన్నాడు. ఆ తరువాత అడిగాడు, "ఏ ఊరు సార్ మీది?" అని.

అప్పుడు ఒక చిక్కు వచ్చింది. స్టెప్నీతో నేను పస్రాకు వెళ్తే మా ఆవిడ అడవిలో ఒంటరిగా ఉండాలి. కారు వదిలేసి ఇద్దరమూ వెళ్ళడానికి ట్రాలీలో చోటు లేదు. నేను ఇంకా ఆలోచనలో ఉండగానే ఆయన భార్య కిందికి దిగింది. "నువ్వు సారును తోల్కపో, నేను అక్క దగ్గర కూసుంట" అంది. నేను తరువాత చాలా రోజులు ఆలోచించినది ఈ ఘట్టం గురించే. నా భార్యను తెలియని చోట వదిలి వెళ్ళడానికి నేను భయపడ్డాను, అది సహజం. ముక్కూ మొహమూ తెలియని మా దగ్గర ఆయన కూడా తన భార్యను వదిలి వెళ్తున్నాడన్నది ఆ క్షణాన నాకు తట్టనే లేదు.

పస్రాలో పంచర్ దుకాణం తలుపు తట్టి లేపితే, శాలువా కప్పుకున్న కుర్రాడొకడు ఆవలిస్తూ వచ్చాడు. గాలి నింపి, చక్రాన్ని నీళ్ళ తొట్టిలో ముంచి కొంచెం కొంచెంగా తిప్పాడు. టైరు చుట్టూ ఎక్కడా బుడగ రాలేదు. చివరికి గాలి ఎక్కించే చోటనుంచి ఆవగింజంత బుడగ ఒకటి వచ్చి పగిలింది, కొంతసేపటికి ఇంకొకటి. వాల్వు పిన్ను పాడైందన్నాడు. రెండేళ్ళుగా ఆ ఆవగింజ దారిలోనే నా గాలంతా పోయింది. పిన్ను మార్చి, గాలి పట్టి, 100 రూపాయలు తీసుకున్నాడు. తిరిగి వచ్చాక అసలు పని మిగిలింది. నట్లు బిగుసుకుపోయి నా చేతికి లొంగలేదు. ట్రాలీ అతను తన బండిలోంచి బారెడు పొడవున్న పానా తెచ్చి, నట్టుకు తగిలించి, దాని కొస మీద రెండు కాళ్ళతో ఎక్కి నిలబడి ఒక్క కుదుపు కుదిపాడు. కిర్రుమని నట్టు కదిలింది. జాకీ మట్టిలో దిగబడుతుంటే ఒక చదును రాయి వెతికి తెచ్చి కింద పెట్టాడు, బండి జరగకుండా వెనక చక్రానికి ఇంకో రాయి అడ్డం పెట్టాడు. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. డబ్బు ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "పైసలేంది సార్, నా బండి నెలకు రెండుసార్లు ఆగుతది" అన్నాడు. ఆయన భార్య మాత్రం మా ఆవిడ ఇచ్చిన సకినాల సంచిని పిల్లలకని తీసుకుంది. గంటన్నర కూర్చుని ఆ ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో కానీ, సకినాల పిండిలో నువ్వులు ఎంత వేయాలన్నదాని మీద వాళ్ళకు గట్టి భేదాభిప్రాయం ఉందని తిరుగుదారిలో నాకు తెలిసింది.

మూడు రోజుల తరువాత, పొద్దున పేపరు చదువుతుంటే హఠాత్తుగా గుర్తుకు వచ్చింది: మేము ఆయన పేరు అడగలేదు. ఆమె పేరూ అడగలేదు. ఆయన మాత్రం మా ఊరు అడిగాడు, నేను చేసే ఉద్యోగం అడిగాడు, మా చెల్లెలి ఇల్లు ఏటూరునాగారంలో ఏ బజారులోనో కూడా అడిగాడు. మేము అడగకపోవడానికి కంగారు ఒక కారణమే కానీ, అసలు కారణం అది కాదని నా అనుమానం. మా లెక్కలో ఆయన అప్పటికే దేవుడైపోయాడు. దేవుడికి ఇంటిపేరు ఉండదు, ఫోను నంబరు ఉండదు, పిల్లల స్కూలు ఫీజు ఉండదు. వచ్చాడు, వరమిచ్చాడు, మాయమయ్యాడు. ఎండాకాలం హన్మకొండ చౌరస్తాలో రెండు కుండలు, నాలుగు గ్లాసులు పెట్టి చలివేంద్రం తెరిచిన దాత పేరు మాత్రం గుడారం కన్నా పెద్ద ఫ్లెక్సీ మీద వేస్తారు. అడవిలో అర్ధరాత్రి వరకు మట్టిలో కూర్చుని చక్రం బిగించినవాడికి పేరు ఉండదు.

'దేవుడిలా వచ్చాడు' అనే పొగడ్త వల్ల జరిగే నష్టం ఇదొక్కటే అయితే నేను ఇంత రాసేవాణ్ణి కాదు. ఆ మాట మనకు చేసిపెట్టే పని ఇంకొకటి ఉంది. చేసినవాడు దేవుడైతే, ఆ పని మామూలు మనుషులది కాకుండా పోతుంది. అతనిలా మనం కూడా ఆగాలి కదా అన్న ప్రశ్న పుట్టకముందే చచ్చిపోతుంది, ఎందుకంటే దేవుడిలా ఉండమని మనిషిని ఎవరూ అడగరు. ఆ రాత్రి మమ్మల్ని దాటి వెళ్ళిన ఎనిమిది కార్లలోనివాళ్ళు కూడా ఎప్పుడో ఒకప్పుడు ఎక్కడో ఆగిపోయి ఉంటారు, ఎవరో ఒకరు వచ్చి ఆదుకుని ఉంటారు, వాళ్ళ ఇళ్ళల్లో కూడా ఇదే మాటతో ముగిసే కథ ఒకటి ఉండే ఉంటుంది. ఆ కథ వాళ్ళ కాలిని బ్రేకు మీదికి పంపలేదు.

వాళ్ళను తప్పుపట్టే అర్హత నాకు ఎంతవరకు ఉందో కూడా చెప్పాలి. అంతకు ముందు వేసవిలో, మల్లంపల్లి దాటాక ఒక చింతచెట్టు కింద ఆగిపోయిన ట్రాలీ ఒకటి చూశాను. ఛత్తీస్‌గఢ్ నుంచి మిరపకాయ ఏరడానికి ఏటా మా ములుగు వైపు కూలీలు వస్తారు. వాళ్ళే అయి ఉంటారు. మూటలు, గిన్నెలు, చంటిపిల్లలతో ఆడవాళ్ళు చెట్టు నీడన కూర్చుని ఉన్నారు. ఒక మనిషి రోడ్డు అంచున నిలబడి తువ్వాల ఊపుతున్నాడు. నేను చూశాను, ఆయన నన్ను చూశాడు, నేను వెళ్ళిపోయాను. మండల కేంద్రం దగ్గరే ఉంది కదా, వాళ్ళలో ఎవరైనా నడిచి వెళ్తారులే అని ఒకటి, నాకు ట్రాలీ మరమ్మతు ఏం తెలుసు అని ఒకటి, ఎవరో ఒకరు ఆగుతారులే అని ఒకటి, ఇలా కారణాలు వరుసగా నా నాలుక మీదికి వచ్చాయి. ఇంత చురుగ్గా నా బుర్ర ఇంకే పనిలోనూ పనిచేయదు. నాకు మరమ్మతు తెలియనక్కర లేదు, కారులో ఇద్దరిని ఎక్కించుకుని మెకానిక్ దగ్గర దింపితే చాలు. ఆ మాటకొస్తే, చంటిపిల్లల కోసం నా కారులో ఉన్న రెండు లీటర్ల నీళ్ళ సీసా ఇచ్చినా సరిపోయేది.

ట్రాలీ అతను నన్ను అడిగిన మొదటి ప్రశ్నల్లో ఒకటి 'ఏ ఊరు' అన్నది. మా వైపు అపరిచితుడు అపరిచితుడుగా ఉండేది ఆ ప్రశ్నకు జవాబు వచ్చేవరకే. హన్మకొండ అనగానే ఆయనకు అక్కడ ఒక మేనమామ దొరికాడు, నాకు ఆయన ఊరి పక్క ఊళ్ళో ఒకప్పటి సహోద్యోగి దొరికాడు, రెండు నిమిషాల్లో మేము తెలిసినవాళ్ళమైపోయాము. ఇది మన దగ్గర ఉన్న గొప్ప సదుపాయం; దాని లోపం కూడా అందులోనే ఉంది. ఏ ఊరు అని అడిగితే మనకు తెలిసిన జవాబు రాదని ముందే అనిపించినవాళ్ళ దగ్గర మనం అసలు ఆగము. నేను ఆ కూలీల దగ్గర ఆగకపోవడానికి నాలుక మీదికి వచ్చిన కారణాలన్నిటి కింద ఉన్నది ఇదేనని నాకు తెలుసు. కాబట్టి పల్లెటూరి మంచితనం అంటూ ఎవరైనా గొంతు గద్గదం చేసుకున్నప్పుడు, ఆ మంచితనానికి కూడా పొలిమేరలు ఉన్నాయని గుర్తుచేయాలనిపిస్తుంది.

మరి ట్రాలీ అతను ఎందుకు ఆగాడు? జవాబు ఆయనే చెప్పాడు, మేమే వినిపించుకోలేదు. నా బండి నెలకు రెండుసార్లు ఆగుతది, అన్నాడు. హన్మకొండలో రోజూ కనిపించే దృశ్యం ఒకటి ఉంది. పెట్రోలు అయిపోయిన బైకును ఒకతను తోసుకుంటూ పోతుంటాడు. వెనకనుంచి ఇంకో బైకు వచ్చి పక్కన నెమ్మదిస్తుంది. ఎక్కు అన్నట్టు ఒక సైగ. అతను ఎక్కి హ్యాండిలు పట్టుకుని న్యూట్రల్‌లో కూర్చుంటాడు, ఇతను తన కుడికాలు చాపి ఆ బండి వెనక ఫుట్‌రెస్టుకు ఆనించి నెట్టుకుంటూ పోతాడు. రెండు బండ్లూ ఒక జతలా బంకు దాకా వెళ్తాయి. అక్కడ కాలు తీసేసి, చెయ్యి ఒకసారి ఎత్తి, ఇతను తన దారిన పోతాడు. ఒక్క మాట ఉండదు. బంకుల్లో సీసాలో పెట్రోలు పోయరు కాబట్టి ఈ పద్ధతికి ఇంకా గిరాకీ ఉంది. ట్రాఫిక్ పోలీసులకు ఇది నచ్చదు, ఆ అభ్యంతరం న్యాయమైనదే. అయితే ఈ పని చేసేవాళ్ళు ఎవరో చూడండి. ఎప్పుడూ రిజర్వులో తిరిగేవాళ్ళు, యాభై రూపాయల పెట్రోలు కొట్టించుకునేవాళ్ళు. తాము తోసుకుంటూ నడిచిన మధ్యాహ్నాలు వాళ్ళ పిక్కలకు గుర్తుంటాయి.

మా తాతగారు ఎడ్లబండి కట్టుకుని మేడారం వెళ్ళిన రోజుల సంగతులు చెప్పేవారు. ఊరి బండ్లన్నీ ఒక వరుసలో కదిలేవట. దారిలో ఒక బండికి ఇరుసు విరిగినా, శీల ఊడి చక్రం తప్పుకున్నా, వరుసంతా ఆగాల్సిందే. ముందున్న బండ్లు విప్పి ఎడ్లకు గడ్డి వేసేవాళ్ళు. ఆగినవాడికి ఎవరూ ఉపకారం చేస్తున్నట్టు అనుకునేవాళ్ళు కాదు, ఆగినవాడు చేతులు జోడించేవాడూ కాదు. రేపు విరిగేది నా ఇరుసే కావచ్చునన్న లెక్క అందరి మనసులోనూ ఉండేది. ఓడలు బండ్లు, బండ్లు ఓడలు అవుతాయన్న సామెత వాళ్ళ దగ్గర వేదాంతంగా కాక ప్రయాణపు నియమంగా ఉండేది.

ఆ లెక్క ఇప్పుడు తప్పింది. కొత్త కార్లు సులువుగా ఆగవు. ఆగినా ఫోనులో ఒక నంబరు ఉంటుంది. హైదరాబాదు నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని భోపాలపట్నం దాకా పోయే 163వ నంబరు జాతీయ రహదారినే తీసుకోండి. జనగామ దాటాక కోమళ్ళ టోల్‌గేటు వస్తుంది. టోలు రోడ్డు మీద గస్తీ బండి, క్రేను, అంబులెన్సు ఉంటాయి, 1033కు ఫోను చేయవచ్చు. మధ్యలో డివైడరు ఉంటుంది కనుక అవతలి వైపునుంచి వచ్చేవాడు ఆగాలన్నా మన దగ్గరికి రాలేడు, ఇవతలివాడు నూరు కిలోమీటర్ల వేగంలో మన ముఖం చూసేలోపే అరకిలోమీటరు దాటిపోతాడు. అక్కడ ఎవరూ ఆగరని నేను ఫిర్యాదు చేయను. ఆగడానికి వేరే ఏర్పాటు ఉంది, అంత వేగంలో ఆగడం ప్రమాదం కూడా. చిక్కు ఏమిటంటే, అదే రోడ్డు అదే నంబరుతో ములుగు దాటి అడవిలో ప్రవేశించాక ఆ ఏర్పాట్లు మన వెంట రావు. టోల్‌గేటు రోడ్డు మీద నేర్చుకున్న అలవాటు మాత్రం వస్తుంది. ఎవరో వస్తారులే అన్నది నాలుగు వరుసల రోడ్డు మీద నిజం. తాడ్వాయి అడవిలో అది అబద్ధం. మమ్మల్ని దాటి వెళ్ళిన కార్లవాళ్ళు దుర్మార్గులు కారని, నాలుగు వరుసల రోడ్డును తలలో పెట్టుకుని రెండు వరుసల రోడ్డు మీద నడుపుతున్నారని నా నమ్మకం.

వరదలు వచ్చినప్పుడు సంగతి వేరు. 2023 జులై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. భూపాలపల్లి వైపు మోరంచ వాగు పొంగి మోరంచపల్లి మునిగింది, జనం మిద్దెలెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు, హెలికాప్టర్లు రావలసివచ్చింది. మరుసటి ఏడు సెప్టెంబరు 1న కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయి రైళ్ళు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. అలాంటప్పుడు మనవాళ్ళు ముందూ వెనకా చూడకుండా కదులుతారు, అన్నం వండి మోసుకువెళ్తారు. దాన్ని తక్కువ చేయను. కానీ ఊరంతా మునిగినప్పుడు సాయం చేయడం ఒక విధంగా తేలిక. అందరూ ఒకే నీళ్ళలో ఉంటారు, అందరి కళ్ళూ చూస్తూ ఉంటాయి. ఎవరూ చూడని ఒక మామూలు మంగళవారం రాత్రి, ఒకే ఒక్క కారు, ఒకే ఒక్క పంచరు, ఇంటి దగ్గర అన్నం చల్లారిపోతూ ఉండగా ఆగడం గురించే నా వాదన.

వాగు దాటలేక ఇరుక్కున్న కార్లను ట్రాక్టరుతో లాగి ఐదు వందలు అడిగే రైతులను కొందరు ఈసడించుకుంటారు. నేను ఈసడించుకోను. ట్రాక్టరుకు డీజిలు పోయాలి, తాడు తెగితే కొనాలి, వానలో తడిసిన ఆ మనిషి కూలి ఒకటి ఉంది. న్యాయమైన డబ్బు తీసుకుని చేసిన పని సాయం కాకుండా పోదు. అసలు పస్రాలో అర్ధనిద్రలో లేచి వచ్చిన పంచర్ కుర్రాడు 100 రూపాయలే తీసుకున్నాడు. పండగ రాత్రి, దుకాణం మూసి ఉన్నప్పుడు, గరజు నాది అయినప్పుడు అతను 500 అడిగినా ఇచ్చి ఉండేవాణ్ణి. డబ్బు తీసుకోలేదు కాబట్టి ట్రాలీ అతనొక్కడే మా కథలోకి ఎక్కాడు, తీసుకున్నాడు కాబట్టి ఈ కుర్రాడు ఎక్కలేదు. మా ఆవిడ చెప్పే కథలో ఇతను లేనే లేడు.

భయం సంగతి వదిలేస్తే ఈ వ్యాసం నిజాయితీగా ఉండదు. పాత భయాలు రెండు. మొదటిది పోలీసులు, కోర్టులు అన్నది. దీనికి ఇప్పుడు పెద్దగా ఆధారం లేదు. ప్రమాదంలో గాయపడినవాళ్ళను ఆదుకున్నవారిని వేధించకూడదన్న కేంద్ర మార్గదర్శకాలకు 2016 మార్చి 30న సుప్రీంకోర్టు చట్టబలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో 134ఏ సెక్షను చేరింది. పేరు చెప్పమని, సాక్షిగా రమ్మని ఎవరూ బలవంతపెట్టరాదు. గాయపడినవాణ్ణి సకాలంలో ఆసుపత్రికి చేర్చినవారికి 2021లో 5,000 రూపాయలతో మొదలైన కేంద్ర బహుమతి 2025లో 25,000 అయింది. ఇదంతా మంచిదే. ఒక్కటే వెలితి: ఈ రక్షణలూ బహుమతులూ అన్నీ రక్తం కారిన తరువాతవి. చీకట్లో ఊరికే ఆగి ఉన్న బండి దగ్గర ఆగినవాడికి చట్టంలో చోటు లేదు, అది అలవాటుకే వదిలిన విషయం. కానీ ఆ రెండింటి మధ్య దూరం ఎంత? రాత్రిపూట లైట్లు లేకుండా నిలిచిన లారీని వెనకనుంచి గుద్దిన వార్త పేపర్లో మనం ఎన్నిసార్లు చదవలేదు? అంటే చెడిపోయిన బండికి చేసే సాయం, జరగబోయే ప్రమాదాన్ని ఆపడం కూడా. మా లారీ డ్రైవర్లకు ఇది చట్టం చెప్పకుండానే తెలుసు. బండి ఆగగానే నాలుగు వేపకొమ్మలు విరిచి వెనక పరుస్తారు, వాటి వెనక రాళ్ళు పేరుస్తారు. బాగైన తరువాత బండి వెళ్ళిపోతుంది, రాళ్ళు అక్కడే ఉంటాయి. ఆ రాళ్ళు తీసి పక్కన పడేసి వెళ్ళమని వాళ్ళకు ఎవరు చెప్తారో కానీ, వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్ళు పెట్టే మా రైతులకు కూడా అదే నోటితో చెప్పాలి.

రెండో భయం ఆగి ఉన్నవాడు దొంగేమోనన్నది. దీన్ని కొట్టిపారేయను, కానీ మనం దాన్ని చాలా చౌకగా వాడుకుంటాము. అయితే వీటన్నిటినీ మించిన భయం ఇంకొకటి ఉంది, అది సాయం పొందేవాళ్ళ వైపునుంచి వచ్చేది. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక యువ వైద్యురాలి స్కూటరు టైరులో కావాలనే గాలి తీసి, సాయం చేస్తామంటూ వచ్చినవాళ్ళే ఆమె ప్రాణం తీశారు. ఆ తరువాత తెలంగాణలో ఆగిపోయిన ఆడమనిషి దగ్గర 'ఏమైందమ్మా' అనే మాట మునుపటిలా వినిపించడం అసాధ్యం. ఆమె భయపడటంలో తప్పు లేదు, భయపడకపోతేనే తప్పు. ఇక్కడ మంచి ఉద్దేశం ఉందన్న గుండెనిబ్బరంతో దగ్గరికి వెళ్ళే మగవాడు తన మంచితనాన్ని ఆమె మీద రుద్దుతున్నట్టే. దూరంగా ఆపి, బండి దిగకుండా, 112కు ఫోను చేయమంటారా అని అడగవచ్చు. దగ్గర ఊరుంటే ఒక ఇంట్లోంచి ఆడవాళ్ళను పిలవవచ్చు. ఆమె వద్దంటే నొచ్చుకోకుండా వెళ్ళిపోవచ్చు. ఆ రాత్రి ట్రాలీలోంచి దిగిన ఆమెకు ఇవేవీ ఎవరూ నేర్పలేదు. మగవాళ్ళిద్దరం టైరు గురించి ఆలోచిస్తుండగా అక్కడున్న అసలు ఇబ్బంది ఏమిటో ఆమెకు అర్థమైంది. మా కథలో దేవుడి పాత్ర ఆయనకు దక్కింది, ఆమెకు సకినాలు దక్కాయి.

ఆ తరువాత ఆయన ఆచూకీ కోసం పస్రాలోని ఆ పంచర్ దుకాణానికి ఒకసారి వెళ్ళాను. కుర్రాడు ఊళ్ళో లేడు, వాళ్ళ నాయన ఉన్నాడు. ఒక లైటు వెలగని ట్రాలీ అని ఆనవాలు చెప్తే, "గియ్యాల రేపు ఎవని ట్రాలీకి రెండు లైట్లు ఎలుగుతున్నయ్ సార్" అన్నాడు. స్టెప్నీలో గాలి చూపించుకుని తిరిగి వచ్చాను. ఇప్పుడు నా డిక్కీలో బారెడు పానా ఒకటి, రింగు పానాల జత ఒకటి, నైలాన్ తాడు, టార్చిలైటు, ఒక చదును చెక్క ఉంటాయి. ఇంట్లో దీన్ని మెకానిక్ షెడ్డు అంటున్నారు.

పోయిన నెల ఆత్మకూరు దగ్గర బైకు చైను ఊడిపోయిన కాలేజీ కుర్రాడు కనిపిస్తే ఆగాను. వెనక చక్రం నట్టు వదులైంది. బాగుచేయడం నాకు రాదు. నేను టార్చి పట్టుకున్నాను, రింగు పానాతో అతనే చైను ఎక్కించి బిగించుకున్నాడు. చేతులకంటిన గ్రీజు గడ్డికి తుడుచుకుంటూ, "దేవుని లెక్క వచ్చిన్రు సార్" అన్నాడు. నా పేరు చెప్పాను. అతని పేరు, ఊరు, చదువుతున్న కాలేజీ, నేర్చుకుంటున్న కోర్సు, వాళ్ళ నాయన చేసే పని అన్నీ అడిగి తెలుసుకున్నాను; కుర్రాడికి కొంచెం విసుగు కూడా వచ్చినట్టుంది. బండి స్టార్ట్ చేసి తుర్రుమని పోయాడు. ఇంటికి వచ్చి డిక్కీ సర్దుతుంటే తెలిసింది, రింగు పానా అతని బండితోనే పోయింది. ఇన్ని వివరాలు అడిగినవాణ్ణి ఫోను నంబరు మాత్రం అడగలేదు. మరునాడు చౌరస్తాలోని హార్డ్‌వేరు దుకాణంలో ఇంకో పానా కొన్నాను.